ప్యాకింగ్ ప్లాంటా, పద్నాలుగు టైర్ల లారీయా?

ప్రశ్న: నా వయసు 31 సంవత్సరాలు. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు కర్మాగారంలో, ప్యాకింగ్ ప్లాంటులో 9 సంవత్సరాల 2 నెలలుగా పర్మనెంటు కార్మికుడిగా పనిచేస్తున్నాను. పీఎఫ్ వగైరా కటింగులు పోను చేతికి రూ. 23,500 వస్తుంది. మూడు షిఫ్టులు, అదే దుమ్ము, అదే బెల్టు. మా బావమరిది 14 టైర్ల లారీ తోలుతాడు. జీతమూ బత్తా కలిపి నెలకు రూ. 38,000 దాకా ఇంటికి తెస్తున్నాడు. నాకు చిన్నప్పటి నుంచి ట్రాక్టరు తోలడం అలవాటు. కారు లైసెన్సు తీసుకుని ఆరేళ్ళయింది, హెవీ లైసెన్సు లేదు. స్టీరింగు పట్టుకున్న రోజు నా మనసు తేలికగా ఉంటుంది. ఉద్యోగానికి రాజీనామా చేసి, పీఎఫ్ డబ్బుకు తోడు నా భార్య నగలు కుదువపెట్టి, ఫైనాన్సు మీద పాత 12 టైర్ల లారీ కొనాలని ఒక ఆలోచన. ముందు ఇంకొకరి బండికి డ్రైవరుగా వెళ్ళాలని మరొక ఆలోచన. నా భార్య రెండింటికీ ఒప్పుకోవడం లేదు. సొంత తమ్ముడు చేస్తున్న పనే నేనూ చేస్తానంటే ఆమెకు ఎందుకు నచ్చడం లేదో నాకు అర్థం కావడం లేదు. మాకు నాలుగేళ్ళ పాప ఉంది, మా అమ్మ మాతోనే ఉంటుంది. నేను ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

సమాధానం: నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పుడే రాజీనామా చేయవద్దు. లారీ అయితే ఇప్పట్లో కొననే వద్దు. అయితే లారీ తోలాలన్న కోరికను చంపుకోమని మాత్రం నేను చెప్పను. ప్రొద్దుటూరులో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో 11 సంవత్సరాలు ట్రిప్పు లెక్కలు రాసినవాణ్ణి కనుక, బండి మీద ప్రేమతో ఆ పనిలోకి వచ్చి, అరవై ఏళ్ళ దాకా గౌరవంగా బతికిన డ్రైవర్లను నేను చాలామందిని చూశాను. తొందరపడి వచ్చి, రెండేళ్ళకే అప్పుల పాలై, పాత ఉద్యోగం కోసం అదే గేటు ముందు నిలబడినవాళ్ళనూ చూశాను. ఇద్దరికీ బండి తోలడం బాగానే వచ్చు. బండి ఎక్కకముందు ఏమేం లెక్క చూసుకున్నారన్న దగ్గరే వాళ్ళకు తేడా వచ్చింది.

మీరు రూ. 23,500 పక్కన రూ. 38,000 పెట్టి చూస్తున్నారు. ఈ రెండింటినీ గంటల్లోకి మార్చి చూడండి. మీరు నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తారు; అంటే 208 గంటలు. గంటకు దాదాపు రూ. 113 పడుతుంది. మీ బావమరిది నెలలో 25 రోజులు బండి మీద ఉంటాడనుకుందాం. తోలడం, లోడు కోసం కాచుకోవడం, కాటా దగ్గర వరుసలో నిలబడడం, పట్ట కప్పి తాళ్ళు బిగించడం, అన్‌లోడు అయ్యేదాకా బండిని కనిపెట్టుకుని ఉండడం అన్నీ కలిపితే రోజుకు 14 గంటలకు తక్కువ కాదు. అది 350 గంటలు. దారిలో తిండికీ టీకీ స్నానానికీ రోజుకు రూ. 250 చొప్పున పోతే నెలకు రూ. 6,250 ఖర్చు. మిగిలిన రూ. 31,750ను 350తో భాగించండి, గంటకు రూ. 91 దగ్గర ఆగుతుంది. పైగా మీ జీతం మీద యాజమాన్యం తన వాటాగా జమచేసే పీఎఫ్ ఈ లెక్కలోకి రానే లేదు. నా 14 గంటల అంచనా ఎక్కువని మీకు అనిపిస్తే, మీ ప్లాంటు గేటు బయట ఒక్కొక్క లారీ ఎంతసేపు నిలబడుతుందో రేపటి షిఫ్టులో మీరే గమనించండి. ఆ బస్తాలు నింపేది మీరే కదా, ఆ డ్రైవర్ల నిరీక్షణ మీకంటే బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ రూ. 38,000 కూడా ప్రతి నెలా అంతే వస్తుందని అనుకోకండి. డ్రైవరు ఆదాయంలో జీతం ఒక భాగమైతే ట్రిప్పుకు ఇంత అని ఇచ్చే బత్తా ఇంకొక భాగం. వానలు పట్టి కట్టడాల పనులు తగ్గితే సిమెంటు లోడ్లు తగ్గుతాయి, బండి నిలబడితే బత్తా ఉండదు. ఇంకొక సంగతి కూడా ఉంది. నేను పనిచేసిన రోజుల్లో ఒక డ్రైవరు సిమెంటు లోడుతో వెళుతుండగా దారిలో పెద్ద వాన కురిసింది. పట్టకు ఉన్న చినుగు ముందుగానే చూసి, మార్చమని ఓనరుకు రెండుసార్లు చెప్పినవాడే అతను. సరకు దించేచోట 14 బస్తాలు గడ్డకట్టి ఉన్నాయని తీసుకోలేదు. ఓనరు ఆ బస్తాల ధర మొత్తం డ్రైవరు జీతంలోనే పట్టుకున్నాడు. ట్రిప్ షీటులో ఆ కోత రాసింది నా చేయి. అతను షీటు చూసి, ఏమీ అనకుండా సంతకం పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కర్మాగారంలో మీకు ఇలాంటి కోత పడితే అడగడానికి యూనియను ఉంది, కార్మిక శాఖ అధికారి ఉన్నాడు. ఒక్క బండి, ఒక్క ఓనరు ఉన్న చోట నోటిమాట మీద చేరిన డ్రైవరుకు అడిగే దారి చాలా సన్నగా ఉంటుంది.

ఇక మీ భార్య విషయం. ఆమె ఎందుకు ఒప్పుకోవడం లేదో అర్థం కావడం లేదని రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే సులువుగా అర్థమైన మాట అదే. ఆమె తమ్ముడు డ్రైవరు కనుకనే ఒప్పుకోవడం లేదు. తమ్ముడు తెచ్చే డబ్బు మీకు కనిపిస్తోంది. తమ్ముడు ఇంట్లో లేని రాత్రులు మరదలి నోట ఆమెకు వినిపిస్తున్నాయి. సెల్‌ఫోన్లు రాకముందు మా ఆఫీసుకు డ్రైవర్ల ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు ఫోను చేసేవారు, "మా ఆయన బండి యాడుంది సార్?" అని. బండి ఎక్కడుందో నిజానికి మాకూ తెలిసేది కాదు. అయినా "గుత్తి దాటింటాడులేమ్మా, పొద్దున్నకు వచ్చేస్తాడు" అని చెప్పేవాణ్ణి. ఆ మాట నమ్మి ఫోను పెట్టేసేవాళ్ళు. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ అబద్ధాలు తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఇప్పుడు అందరి చేతిలోనూ ఫోను ఉంది, బండికి జీపీఎస్ ఉంది, కానీ రాత్రి రెండు గంటలకు ఘాట్ రోడ్డు మీద ఉన్న మనిషి గురించి ఇంట్లో ఉన్నవాళ్ళకు కలిగే ఆందోళన జీపీఎస్‌తో పోయేది కాదు. కనుక ఆమెను ఒప్పించే ప్రయత్నం కొన్నాళ్ళు మానుకుని, ఆమె భయపడుతున్నది దేనికో ముందుగా అడిగి, పూర్తిగా వినండి. రాత్రి ప్రయాణానికా, పాపకు జ్వరం వస్తే ఒంటరిగా ఆసుపత్రికి పరుగెత్తడానికా, నగలు పోతాయనా? ఒక్కొక్కదానికి జవాబు వేరు.

నగల గురించి అయితే ఆమెదే పూర్తిగా సరైన మాట. పాత లారీ కొనడమంటే, ఇంకా మీకు రాని వ్యాపారంలోకి, ఇంకా మీకు రాని పనితో, ఒకేసారి దిగడం. ఫైనాన్సు కిస్తీ ప్రతి నెలా తేదీ తప్పకుండా వస్తుంది, లోడు అలా రాదు. బాడిగలో డీజిలు, టోలు, లోడింగు, కమీషను పోగా మిగిలినది కిస్తీకి సరిపోయిందని సంతోషించే లోపలే టైర్లు వస్తాయి. 12 టైర్ల బండికి టైర్లు జతలు జతలుగా అరుగుతాయి. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ప్రీమియం ఒక్కటే, 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం, 20 టన్నుల నుంచి 40 టన్నుల మధ్య బరువు గల సరకు వాహనానికి సంవత్సరానికి రూ. 43,950. బండికి ఎనిమిదేళ్ళు దాటితే ఏటేటా ఎఫ్‌సీ, అంటే బండి రోడ్డుకు పనికివస్తుందన్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. ఎఫ్‌సీకి ముందు రంగులు, బ్రేకులు, లైట్లు, బాడీ పని అంటూ బండి షెడ్డులోనే ఉంటుంది, ఆ రోజులకు రాబడి లేదు. బాడిగ చాలడం లేదని నాలుగు టన్నులు ఎక్కువ వేసుకుంటే, మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద రూ. 20,000 జరిమానా, దాని మీద అదనపు టన్నుకు రూ. 2,000 చొప్పున, అంటే రూ. 28,000 కట్టాలి. అదనపు సరకును దింపించాకనే బండి కదులుతుంది. కనీసం రెండు సంవత్సరాలు ఇంకొకరి బండి తోలి, ఏ దారిలో ఏ కాలంలో ఏ సరకుకు తిరుగు లోడు దొరుకుతుందో మీ అనుభవంతో తెలిసిన తరువాత, అప్పుడు కూడా నగలను ముట్టకుండా కొనగలిగితే కొనండి.

రాజీనామాను ఎందుకు వాయిదా వేయమంటున్నానంటే, మీకు పది సంవత్సరాల సర్వీసు నిండడానికి ఇంకా పది నెలలే ఉన్నాయి. ఉద్యోగుల పింఛను పథకం, అంటే 1995లో వచ్చిన ఈపీఎస్, పది సంవత్సరాల సర్వీసు ఉన్నవారికి 58 ఏళ్ళు నిండాక జీవితాంతం నెలనెలా పింఛను ఇస్తుంది. మొత్తం చిన్నదే, రూ. 15,000 జీత పరిమితి మీద పదేళ్ళ సర్వీసుకు లెక్క వేస్తే నెలకు రూ. 2,143 వస్తుంది. కానీ రోడ్డు మీదికి వెళ్ళబోయే మనిషి చూడవలసినది వేరొకటి ఉంది. పదేళ్ళు పూర్తిచేసి ఉద్యోగం మానిన సభ్యుడు 58 ఏళ్ళు రాకముందే మరణించినా అతని భార్యకూ పిల్లలకూ పింఛను అందుతుంది. ఈ మాట రాయడానికి చేయి ఆడకపోయినా, మీ కుటుంబం కోసం రాయక తప్పదు. పీఎఫ్ ఖాతాకు ముడిపడి ఉన్న ఈడీఎల్ఐ బీమా, గరిష్ఠంగా రూ. 7 లక్షలు, ఉద్యోగంలో ఉన్నంతవరకే వర్తిస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి. గ్రాట్యుటీకి ఐదేళ్ళు ఎప్పుడో దాటారు కనుక అది మీ హక్కు. చివరి మూల వేతనమూ డీఏ కలిపిన మొత్తాన్ని 26తో భాగించి, 15తోనూ సర్వీసు సంవత్సరాలతోనూ గుణిస్తే మీకు రావలసినది తెలుస్తుంది. ఇప్పుడు మానేస్తే తొమ్మిది సంవత్సరాలకే లెక్క, పది నిండాక మానేస్తే పదికి. మానేసే రోజు వచ్చినా సరే, పీఎఫ్ మొత్తాన్ని ఊడ్చి తీసుకోకుండా కొంతైనా అందులోనే ఉంచండి.

ఈ పది నెలలు ఊరికే పోవు. హెవీ లైసెన్సు లేకుండా ఎలాగూ మీకు ఆ సీటు దొరకదు. కారు లైసెన్సు తీసుకుని ఏడాది దాటింది, వయసు 20 దాటింది కనుక మీరు హెవీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ముందు వైద్యుడి ధ్రువపత్రంతో లెర్నర్ లైసెన్సు, తరువాత కనీసం 30 రోజులు ఆగి పరీక్ష. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు ఉంటుంది. దయచేసి ఆ శిక్షణను తప్పించుకోకండి. ట్రాక్టరు తోలిన చేతికి గేర్లు వస్తాయి గానీ, నిండు లోడుతో దిగుడులో బ్రేకు మీద కాలు ఆనించి పెట్టకుండా, ఇంజను బ్రేకుతో, తక్కువ గేరులో బండిని అదుపు చేయడం ట్రాక్టరు నేర్పదు. ఈలోగా మీ చేతిలో ఉన్న లైసెన్సుతోనే, మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే చిన్న సరకు వాహనాన్ని తోలవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. సెలవు రోజుల్లో పులివెందుల అరటి లోడో, మైదుకూరు కూరగాయల లోడో తీసుకెళ్ళే మినీ లారీ మీద కొన్నాళ్ళు పనిచేస్తే సరకు బాధ్యత ఏమిటో తెలుస్తుంది. మీ కంపెనీ నియమాలు దానికి ఒప్పుకుంటాయో లేదో మాత్రం ముందు కనుక్కోండి.

హెవీ లైసెన్సు చేతికి వచ్చాక, బయటికి వెళ్ళేముందు మీ కర్మాగారం లోపలే ఒకసారి చూడమని నా మనవి. సిమెంటు కర్మాగారమంటే సున్నపురాయి గని ఉంటుంది, గని అంటే డంపర్లు ఉంటాయి. ప్యాకింగ్ ప్లాంటు నుంచి గనుల విభాగానికి బదిలీ అడగడానికి అవకాశం ఉందేమో హెచ్.ఆర్. వారిని రాతపూర్వకంగా అడగండి. గనిలో పనికి వేరే వృత్తి శిక్షణ ఉంటుంది, దుమ్ము అక్కడా ఉంటుంది. అయినా పెద్ద బండి, చేతిలో స్టీరింగు, షిఫ్టు అయ్యాక ఇల్లు, మీ సర్వీసు సర్వీసుగానే ఉంటుంది. మీ ఉత్తరంలో ఈ దారి ప్రస్తావన లేదు. మీరు దుమ్ముతోనూ బెల్టుతోనూ విసిగారా, లేక దూరపు దారి మీద ఉండాలన్నదే మీ కోరికా అన్నది మీరే తేల్చుకోవాలి. మొదటిది అయితే డంపరుతో తీరవచ్చు. రెండవది అయితే తీరదు, అప్పుడు లైను బండే మీ దారి.

ఆ దారే అయితే, ఎవరి బండి ఎక్కుతున్నారన్నది ఎంత జీతం అన్నదాని కంటే పెద్ద ప్రశ్న. నియామక పత్రం ఇచ్చి, పీఎఫ్ కట్టే రవాణా సంస్థనే వెతకండి. జీతం మూడు, నాలుగు వేలు తక్కువైనా సరే. బండి ఇన్సూరెన్సు కాగితం అడిగి తీసుకుని, డ్రైవరుకూ క్లీనరుకూ ప్రీమియం కట్టారో లేదో మీ కళ్ళతో చూడండి. రెండవ డ్రైవరు ఉన్నాడా, ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య ఎన్ని రోజులు ఇంటి దగ్గర ఉండనిస్తారు, సరకు తరుగు వస్తే ఎవరు భరిస్తారు అన్నవి చేరకముందే అడగవలసిన మాటలు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితి 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రాశారు. ఐదు గంటలు తోలితే అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులో ఉండేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది, రోజుకు 8 గంటల పరిమితి అందులోనూ ఉంది. లైను మీద అది అమలు కాకపోవడం నాకు తెలుసు. అయినా నిద్ర వస్తున్నప్పుడు బండి పక్కకు ఆపే డ్రైవరును ఓనరు తిడితే, చట్టం డ్రైవరు వైపు ఉందని మీకు తెలిసి ఉండాలి. సౌకర్యాలు కొంత మెరుగుపడుతున్న మాటా నిజమే. 2025 నుంచి కొత్తగా తయారయ్యే మధ్యస్థ, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. మన అనంతపురం, కడప ఎండల్లో ఇంజను పక్కన కూర్చున్నవాడికి అది విలాసం కాదు.

ప్రమాదం జరిగితే పారిపోవడమే క్షేమమని పాత డ్రైవర్లు కొందరు మీకు చెబుతారు. వినకండి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, పోలీసులకు తెలియజేయడం డ్రైవరు బాధ్యతలని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను చెబుతోంది. గుంపు కొట్టడానికి వస్తే అక్కడ ఉండలేని స్థితిని ఆ సెక్షనే గుర్తించింది. అలాంటప్పుడు అక్కడి నుంచి తప్పుకుని, వెంటనే 112కు ఫోను చేసి, దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్ళాలి. చెప్పకుండా పారిపోతే పదేళ్ళ వరకు శిక్ష వేసే భారతీయ న్యాయ సంహిత 106(2) మీద 2024 జనవరిలో డ్రైవర్లు సమ్మె చేశారు. ఆ ఏడాది జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క ఉపసెక్షనును ఆపి ఉంచారు. నిర్లక్ష్యం వల్ల మరణం సంభవిస్తే ఐదేళ్ళ వరకు శిక్ష మాత్రం అమల్లోనే ఉంది.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటి చెబుతాను. మీకు పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున ఆర్జిత సెలవు జమ అయి ఉంటుంది. అందులో పన్నెండు రోజులు తీసుకుని మీ బావమరిదితో రెండు పూర్తి ట్రిప్పులు వెళ్ళండి. ఓనరుకు చెప్పి, క్లీనరుగానే వెళ్ళండి. సరకు వాహనంలో ఊరికే కూర్చుని ప్రయాణించే మనిషికి బీమా రక్షణ ఉండదు. స్టీరింగు ముట్టవద్దు. తెల్లవారుజామున గువ్వలచెరువు ఘాటు దిగువన లారీలు ఆగినప్పుడు దిగి చూడండి. డ్రైవరు టీ తాగకముందే జాకీ రాడ్డు పట్టుకుని బండి చుట్టూ తిరుగుతాడు. ఒక్కొక్క టైరును కొడతాడు. గాలి నిండుగా ఉన్న టైరు మీద రాడ్డు టంగుమని ఎగిరివస్తుంది. వెనక జతల్లో లోపలి టైరు దిగిపోయి ఉంటే దబ్బుమని మూగగా పలుకుతుంది. తరువాత బ్రేకు డ్రమ్ముకు దగ్గరగా అరచేయి పెట్టి వేడి చూస్తాడు. అప్పుడు గానీ టీ కొట్టు వైపు నడవడు. ఆ చలిలో, ఆ నిద్రలేమిలో, మీకు ఆ రాడ్డు చేతిలోకి తీసుకోవాలనిపిస్తే ఆ పని మీకు సరిపడుతుందని నేను నమ్ముతాను.

వెళ్ళేటప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్ళండి. బండి ఎన్ని గంటలకు కదిలింది, ఎక్కడ ఎంతసేపు ఆగింది, మీ బావమరిది ఎన్ని గంటలు నిద్రపోయాడు, ఎక్కడ ఎంత చేతి డబ్బు ఇచ్చాడు, ఇంటికి ఎన్నిసార్లు ఫోను చేశాడు, అన్నీ తేదీ వేసి రాయండి. తిరిగి రాగానే ఆ పుస్తకాన్ని మీ భార్య చేతికి ఇచ్చి, ఆమె చదివి ముగించేదాకా ఏమీ మాట్లాడకండి. ఆమె అభ్యంతరం లేకపోతే ఆ పేజీలను మాకు కూడా పంపండి. ట్రిప్పు లెక్క నేను వేసి పెడతాను.